ఎయిర్ పిస్టల్‌కి హ్యాండ్ పంప్: నాలుగేళ్ళు వాడాక, ముఖ్యంగా ఆ తేమ ఫిల్టర్ గురించి

ముందే చెప్పేస్తున్నా, పిస్టల్‌లో చేత్తో గాలి నింపుకునే ఈ పంపు మీద నాకు చాలా కోపం ఉంది. కోపమంతా ఒక్క భాగం మీదే, కింద పాదాలు పెట్టే చోట వేలెడంత ఉండే తేమ ఫిల్టర్ మీద. కొన్న కొత్తలో ఆరు నెలల పాటు దీన్ని నేను ఎంత పొగిడానో తెలిసినవాళ్ళందరికీ తెలుసు, నా మాట విని ముగ్గురు కొనుక్కున్నారు కూడా, అందుకే ఇప్పుడు ఇది రాయకపోతే తప్పు చేసినట్టు ఉంటుంది. కంపెనీ పేరు రాయట్లేదు, ఒకే రకం పంపు నాలుగైదు పేర్లతో దొరుకుతోంది.

నేను 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కొడతా. మన ఊరి అమ్మాయి ఈషా సింగ్ 2018లో 13 ఏళ్ళకే నేషనల్ చాంపియన్ అయినప్పుడు పేపర్లో ఫొటో చూసి, 30 దాటాక మనకెందుకులే అనుకుంటూనే వెళ్ళి చేరా. ఉండేది సైనిక్‌పురి, షూటింగ్ రేంజి గచ్చిబౌలి వైపు, సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో. పోను ముప్పై కిలోమీటర్ల పైమాటే. బ్యాంకు ఉద్యోగం, వారానికి ఒకసారి కంటే వెళ్ళలేను, అందుకే మా డాబా మీద గదీ దాని ముందు షెడ్డూ కలిపి సరిగ్గా 10 మీటర్లు కొలిచి, చివర్న గోడకి పెల్లెట్ ట్రాప్ (కొట్టిన సీసం గుళ్ళని పట్టుకునే పెట్టె) బిగించి ఇంట్లోనే ప్రాక్టీసు. టార్గెట్ మధ్య ఎత్తు నేల నుంచి 1.4 మీటర్లు, లైటు పెట్టించా, అన్నీ కుదిరాయి, గాలి ఒక్కటే సమస్య. పిస్టల్‌కి బిగించిన చిన్న సిలిండర్‌లోని గాలే పెల్లెట్‌ని తోస్తుంది. సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత, మన చుట్టూ ఉన్న గాలిది దాదాపు 1 బార్) గాలి ఉండాలి, రేంజిలో కంప్రెసర్ ఉంది కానీ రెండ్రోజులకోసారి దాని కోసం గచ్చిబౌలి పోలేం కదా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా తమ్ముడు అమెరికా వాళ్ళ వీడియోలు చూసి "అక్కా, వాళ్ళు ఇంట్లో ప్రెస్ పెట్టుకుని వాడేసిన తూటాల ఖాళీ కేసుల్లోనే (తొడుగుల్లోనే) మళ్ళీ మందు నింపి పిస్టల్ తూటాలు చేసుకుంటున్నారు, మనం కూడా మొదలుపెడదామా" అని అడిగాడు. వద్దు నాయనా అన్నా. మన దగ్గర లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం, వీడియోలో ఉన్నంత మాత్రాన ఇక్కడ కుదరదు. మా ఎయిర్ పిస్టల్ సంగతి వేరు, 4.5 మిల్లీమీటర్ల కాలిబర్, అర గ్రాము సీసం పెల్లెట్ సెకనుకి 150 మీటర్ల వేగంతో పోతుంది, లెక్కేస్తే 6 జూళ్ళ దగ్గర. ఇంట్లో మనం నింపుకోగలిగేది గాలి ఒక్కటే. ఆ గాలి దగ్గరే నేను ఇంత దెబ్బ తిన్నా.

2021 నవంబర్‌లో 14,000 పెట్టి కొన్నా. గాలిని మూడు దశల్లో నొక్కే మూడు స్టేజిల పంపు, 300 బార్ గేజ్. ఆ చలికాలం, తర్వాత వచ్చిన ఎండాకాలం నిజంగా హాయిగా గడిచాయి. పొద్దున్నే ఐదున్నరకి డాబా మీదకెళ్ళి 100 నుంచి 200 బార్ దాకా గాలి కొట్టుకుని, కాఫీ తాగి, 60 షాట్లు వేసుకుని కిందకి దిగితే ఎనిమిదింటికల్లా వంట అయిపోయేది. ఒక్కసారి నింపితే 150 షాట్ల పైనే వస్తాయి. ఎవర్నీ అడిగే పని లేదు అన్న ఆ సుఖం మీదే అంత పొగిడా. ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది, నేను పొగిడిందంతా నవంబర్ నుంచి మే దాకా, హైదరాబాదులో గాలి పొడిగా ఉండే నెలల్లో.

ఇక అసలు కథ. 2023 ఆగస్టు. వారం రోజులుగా ముసురు. నా షాట్లు ఎందుకో కిందకి పడుతున్నాయి, గడియారంలో ఆరు గంటల వైపు 9, 8 (నడిమధ్యన పడితే 10). ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో గురి చూసే సైటు ఎక్కడుందో నాకు తెలుసు, పది అని మనసులో అనుకుంటా, స్క్రీన్ మీద 8 కనబడుతుంది. మా కోచ్ సారు చూసి "మణికట్టు వదిలేస్తున్నావమ్మా" అన్నారు. నేను నమ్మా. వారమంతా రాత్రి పదకొండింటిదాకా గోడకేసి ఖాళీ ట్రిగ్గర్ నొక్కుతూ మణికట్టు బిగించుకోవడమే పని, చెయ్యి వాచింది.

ఆదివారం క్లబ్బు పోటీ. సైటింగ్ షాట్లు (లెక్కలోకి రాని ట్రయల్ షాట్లు) బానే పడ్డాయి. ఇరవై మూడో షాట్, చెయ్యి కదలకుండా మంచి హోల్డ్, పది అనుకున్నా, 7 పడింది. తర్వాత ఒకటి పైకి పోయింది. రెండు షాట్ల మధ్య పిస్టల్ బల్ల మీద పెట్టి కళ్ళు మూసుకుంటే సన్నగా, అన్నం కుక్కర్ విజిల్ రాకముందు వచ్చే చప్పుడు లాంటిది వినిపించింది. చెవి దగ్గర పెట్టి చూస్తే నా పిస్టలే. గేజ్ నా కళ్ళ ముందే దిగుతోంది. పోటీ అధికారికి చెప్పి, పక్క లేన్ అమ్మాయి స్పేర్ సిలిండర్ ఇస్తే బిగించి చూశా, అయినా కిందామీదా అవుతూనే ఉంది, 41 షాట్ల దగ్గర ఆపేశా. టోక్యో ఒలింపిక్స్‌లో షూటర్ మను భాకర్‌కి మ్యాచ్ మధ్యలో పిస్టల్ మొరాయించి, 575తో రెండు పాయింట్ల తేడాలో ఫైనల్ పోయినప్పుడు టీవీ ముందు కూర్చుని అయ్యో అన్నదాన్ని, ఆ అమ్మాయికి ఎలా అనిపించి ఉంటుందో నాకు అప్పుడు అర్థమైంది. నాది చిన్న క్లబ్బు పోటీయే, అయినా కారులో ఏడ్చా.

పిస్టళ్ళు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మొదట సిలిండర్‌లో గాలి మొత్తం వదిలేశాడు, ప్రెషర్ ఉండగా ఏదీ విప్పొద్దని గట్టిగా చెప్పి మరీ. తర్వాత వాల్వ్ విప్పి, తెల్ల టిష్యూ మీద తలకిందులుగా పెట్టి రెండుసార్లు తట్టాడు. టిష్యూ తడిసింది. ఉత్త తడి కాదు, పల్చటి చాయ్ రంగు.

"గాలి ఎవరు కొడుతున్నరు మేడం?"

"నేనే, ఇంట్లో పంపుతో."

"వానల్ల గూడ కొడుతున్నరా? గాలిల నీళ్ళుంటయ్ మేడం. ఇంటికి పోయినంక ఆ పంపుల దూది ఎట్లుందో జర సూడుండ్రి."

ఆ రాత్రే చూశా. ఫిల్టర్ మూత తిప్పితే లోపల దూది ఉండ పిండితే కారేలా ఉంది, తడి మసిగుడ్డ కంపు. నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ గింజలన్నీ ఎప్పుడో గులాబీ రంగుకి తిరిగిపోయాయి. అంటే నెలల తరబడి ఫిల్టర్ లేనట్టే లెక్క. అమ్మినవాళ్ళ పేజీలో ఏముందంటే, తేమ మొత్తం ఆపేస్తుంది, మెయింటెనెన్స్ అక్కర్లేదు అని. ఎన్నాళ్ళకి మార్చాలో మాన్యువల్‌లో ఒక్క ముక్క లేదు. మెసేజ్ పెడితే "వారంటీ అయిపోయింది" అని జవాబు. నా కోపం ఇదీ. ఫిల్టర్ చిన్నదైతే చిన్నదని చెప్పండి, మేం చూసుకుంటాం, అక్కర్లేదని ఎందుకు రాయడం?

తర్వాత కూర్చుని లెక్కేశా. 30 డిగ్రీల దగ్గర ఒక క్యూబిక్ మీటర్ గాలి 30 గ్రాముల దాకా నీటి ఆవిరి పట్టుకుంటుంది. నా సిలిండర్ 100 మిల్లీలీటర్ల లోపే, 100 నుంచి 200 బార్‌కి నింపితే లోపలికి నొక్కేది దాదాపు 10 లీటర్ల బయటి గాలి. ముసురు రోజున అందులో 0.3 గ్రాముల నీళ్ళు, అంటే ఆరు చుక్కలు. అంత నొక్కితే ఆవిరి ఆవిరిగా ఉండదు, దాదాపు అంతా నీరైపోతుంది. సగం పంపులోనే ఆగిపోయిందనుకున్నా, వారానికి రెండుసార్లు, నాలుగు నెలల వానాకాలం, పైగా రెండేళ్ళు. ఆ తడి, ప్రతి షాటుకీ ఒకే ఒత్తిడితో గాలి వదిలే రెగ్యులేటర్ దాకా పోయి తుప్పు పట్టించింది, సీలు పాడైంది, షాటు షాటుకీ ప్రెషర్ మారిపోయింది. వేగం 150 నుంచి 130కి పడితే 10 మీటర్ల దగ్గర పెల్లెట్ 7 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది, టార్గెట్ మీద రింగుకీ రింగుకీ మధ్య ఉండేదే 8. వారం రోజులు నా మణికట్టుని తిట్టుకున్నా, పాపం దాని తప్పేం లేదు. రిపేరుకి 11,500, విడిభాగాలు బయటి దేశం నుంచి రావాలి కాబట్టి మూడు నెలలు పిస్టల్ లేదు.

ఇప్పుడు గాలి ఎలా కొడుతున్నానంటే, వానాకాలంలో డాబా మీద అస్సలు కొట్టను. బెడ్‌రూంలో గంట ముందు ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి, తలుపు మూసి అక్కడే. యాభై స్ట్రోకులు, ఆపి బ్లీడ్ వాల్వ్ (పంపులో మిగిలిన గాలినీ తడినీ బయటకి వదిలే వాల్వ్) వదలడం, పది నిమిషాలు చల్లారనివ్వడం, మళ్ళీ యాభై. వాల్వ్ ముందు టిష్యూ పట్టుకుంటా, తడి పడితే ఫిల్టర్ విప్పుతా. పంపు గాలి తీసుకునే వైపు సిలికా జెల్ నింపిన ఇంకో పెద్ద ఫిల్టర్ విడిగా తగిలించా, అసలు పని అదే చేస్తోంది. గింజలు రంగు మారితే వేడిచేసి ఆరబెడితే మళ్ళీ నీలం వస్తాయి, కానీ ఆ నీలం రంగు కోబాల్ట్‌ది, అది విషం, వంట గిన్నెల్లో దయచేసి చెయ్యకండి, ఒక పాత మూకుడు విడిగా పెట్టుకోండి.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. పంపు బిగుసుకుంటోందని మా ఆయన ఒకసారి కుట్టుమిషన్ నూనె తెచ్చి రాడ్‌కి రాయబోయారు, చేతిలోంచి లాక్కున్నా. అంత ఒత్తిడిలో గాలి వేడెక్కితే లోపల ఉన్న నూనె డీజిల్ ఇంజన్‌లో లాగా అంటుకుంటుంది, పేలిపోవచ్చు. సిలికాన్ గ్రీజు తప్ప ఏదీ రాయకూడదు, అది కూడా కొంచెమే. అలాగే సిలిండర్ మీద తయారీ తేదీ చూసుకోండి, పదేళ్ళు దాటితే పోటీల్లో వాడనివ్వరు, ఇంట్లో కూడా వాడొద్దు.

కొనాలా వద్దా అంటే నేను ఒక్కమాటలో చెప్పలేను. నా బరువు 54 కిలోలు, 170 బార్ దాటాక ఒళ్ళంతా వేసి నొక్కినా దిగదు, ఆ చివరి 30 బార్లు మా ఆయన కొడతారు, ఆయన ఊళ్ళో లేని వారం 170తోనే సరిపెట్టుకుంటా. నడుము నొప్పి ఉన్నవాళ్ళకి వద్దే వద్దు. గచ్చిబౌలి, లింగంపల్లి వైపు ఉండి రేంజికి రోజూ వెళ్ళేవాళ్ళకి ఇది దండగ, ఆ డబ్బుతో ఒక స్పేర్ సిలిండర్ కొనుక్కోండి. నాలాగా దూరంగా ఉండి, ఫిల్టర్‌ని ప్రతి వారం విప్పి చూసే ఓపిక ఉంటే సరే. నా మాట విని కొన్న ముగ్గురిలో ఇద్దరికి ఫోన్ చేసి ఫిల్టర్లు విప్పించా, ఇద్దరివీ తడిగానే ఉన్నాయి. మూడో ఆవిడ నంబర్ మారిపోయింది, ఆమె గనక ఇది చదివితే, అమ్మా, ఇవాళే ఆ మూత తిప్పి చూడండి.