హైదరాబాద్ నుంచి కారులో సముద్రానికి: సూర్యలంకా, మంగినపూడా?

దారి: మంగినపూడికి జాతీయ రహదారి 65 మీద విజయవాడ, బందరు దాటి వెళ్లాలి, సుమారు 350 కి.మీ. సూర్యలంకకు నార్కట్‌పల్లి దగ్గర కుడివైపు తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, చిలకలూరిపేట, బాపట్ల. దూరం కాస్త తక్కువే.

టోల్: 65 మీద విజయవాడలోపే పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు. ఫాస్టాగ్‌లో డబ్బుల్లేక నగదిస్తే రెట్టింపు కట్టాలి. సంక్రాంతి ముందురోజుల్లో పంతంగి దగ్గర బారులు తీరతాయి, తెల్లవారకముందే దాటేయండి.

తీరం: సూర్యలంకలో మంచి ఇసుక, కానీ అలల లాగుడు ఎక్కువ, మోకాలి లోతు దాటొద్దు. కారు ఇసుకలోకి దించకండి. చక్రం కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. గాలి కొంత తీసి, టైర్ల ముందు కారులోని మ్యాట్లు వేసి మెల్లగా లాగాలి. మంగినపూడిలో నల్లమట్టి, లోతు తక్కువ.

పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే మంగినపూడి. వచ్చేప్పుడు బందరు లడ్డూ ఎలాగూ ఉంది. ఇసుక, రాత్రి బస కావాలంటే సూర్యలంక, గది మాత్రం ముందే బుక్ చేసుకోండి.