గోల్ కొట్టేదెవరన్న పందెంలో వాల్యూ: ఒక అంచనాల సర్వీసును సీజన్ పొడవునా వాడి చూశాక

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఎవరు గోల్ కొడతారన్న పందేలకు ఆడ్స్ (గెలిస్తే కాసిన ప్రతి రూపాయికీ, ఆ రూపాయితో కలిపి, తిరిగి వచ్చే మొత్తం) లెక్కలు అందించే ఒక చందా సర్వీసును నేను పోయిన సీజన్ మొదటి వారం నుంచి చివరి వారం దాకా వాడాను. ప్రతి మ్యాచ్‌కూ ముందు రోజు సాయంత్రం వాళ్లు ఒక పట్టిక పంపుతారు. ఆటగాడి పేరు, అతను కనీసం ఒక గోల్ కొట్టే అవకాశం, దానికి సరిపోయే న్యాయమైన ఆడ్స్ (లాభమూ నష్టమూ లేకుండా సరిపోయేవి), ఆ సమయానికి మార్కెట్‌లో, అంటే పందేలు తీసుకునే బుకీల దగ్గర, దొరుకుతున్న ఆడ్స్ అని అందులో నాలుగు గడులుంటాయి. మార్కెట్ ఆడ్స్ వాళ్ల లెక్క కంటే ఎక్కువగా ఉన్న వరుస ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. వాల్యూ, అంటే కాస్తూ పోతే చివరికి మనకు లాభం మిగిల్చే తేడా, అక్కడే ఉందని వాళ్ల మాట. ఆ ఆకుపచ్చ వరుసను ఎంతవరకు నమ్మవచ్చో ఇక్కడ చెబుతాను. పందెం చట్టబద్ధమైన చోట, పోయినా ఇల్లు గడిచే డబ్బుతో ఆడే పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

ముందుగా మంచి చెప్పాలి. ఆడ్స్‌ను శాతంగా మార్చి చూసే అలవాటు లేనివారికి ఈ పట్టిక ఆ అలవాటు చేస్తుంది. ఒకటిని ఆడ్స్‌తో భాగిస్తే శాతం తెలుస్తుంది: 2.50 అంటే 40 శాతం, 4.00 అంటే 25 శాతం. ఆటగాడు నిజంగా గోల్ కొట్టే అవకాశం అంతకంటే ఎక్కువగా ఉంటేనే ఆ పందెంలో వాల్యూ ఉన్నట్టు. ఇవాళ తప్పక కొడతాడన్న మన నమ్మకం ఎంత గట్టిదైనా ఈ లెక్కలోకి రాదు. పేరున్న స్ట్రైకర్ల విషయంలో ఆ నమ్మకం ఎంత దారి తప్పిస్తుందో ఒక ఉదాహరణ చూడండి. మాంచెస్టర్ సిటీ స్ట్రైకర్ ఎర్లింగ్ హాలాండ్ 2022-23లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో 35 మ్యాచ్‌లు ఆడి 36 గోల్స్ కొట్టాడు, ఒక సీజన్‌కు అది ఆ లీగ్ రికార్డు. మ్యాచ్‌కు ఒకటికి పైగా సగటు కనుక ఇంచుమించు ప్రతి మ్యాచ్‌లోనూ కొట్టి ఉంటాడనిపిస్తుంది. కానీ గోల్స్ అలా సమంగా పంచినట్టు రావు. ఆ సీజన్‌లో అతను నాలుగు మ్యాచ్‌లలో హ్యాట్రిక్ చేశాడు. అదే సగటును పాయిజాన్ సూత్రంలో (సగటును బట్టి ఒక మ్యాచ్‌లో ఎన్ని గోల్స్ పడే అవకాశం ఎంతో చెప్పే లెక్క) పెడితే ఒక మ్యాచ్‌లో కనీసం ఒక గోల్ వచ్చే అవకాశం సుమారు 64 శాతమే, అంటే న్యాయమైన ఆడ్స్ 1.56 దగ్గర ఉంటుంది. అంతటి సగటు ఉన్న ఆటగాడి మీదైనా 1.40కే కాస్తూ పోతే చివరికి మిగిలేది నష్టమే.

వాళ్ల లెక్కకు ఆధారం కొట్టిన గోల్స్ కాదు, ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్). షాట్ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, కాలితోనా తలతోనా కొట్టారన్నదాన్ని బట్టి అది గోల్ అయ్యే అవకాశాన్ని కట్టే కొలత అది. ఇది సరైన ఎంపిక. వరుసగా మూడు మ్యాచ్‌లలో కొట్టిన ఆటగాడి మీదికి జనం ఎగబడేసరికి అతని ఆడ్స్ పడిపోతాయి. మంచి చోట్ల బంతి అందుకుంటున్నా పోస్టుకు తగిలో, గోల్‌కీపర్ ఆపో గోల్ పడని ఆటగాడిని ఎవరూ పట్టించుకోరు. ఈ రెండో రకం ఆటగాళ్లను పట్టిక చక్కగా పట్టుకుంటుంది, సీజన్ మొదటి రెండు నెలల్లో నాకు ఉపయోగపడింది కూడా ఇదే.

అసలు లోపం నిమిషాల దగ్గర ఉంది, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. వాళ్ల పట్టిక ప్రతి ఆటగాడూ 90 నిమిషాలూ మైదానంలో ఉంటాడన్నట్టు లెక్క కడుతుంది. ఒక స్ట్రైకర్‌ను ఊహించుకోండి. పెనాల్టీలు పక్కన పెడితే అతని షాట్లన్నిటి ఎక్స్‌జీ కలిపి 90 నిమిషాలకు 0.45. ఎదుటి రక్షణ బలహీనం కాబట్టి దాన్ని అయిదో వంతు పెంచితే 0.54 అవుతుంది. పెనాల్టీలు కొట్టేదీ అతనే. జట్టుకు మ్యాచ్‌కు సగటున 0.12 పెనాల్టీలు వస్తాయనీ, నూటికి 78 గోల్ అవుతాయనీ అనుకుంటే మరో 0.09 కలిసి మొత్తం 0.63 అవుతుంది. దీన్ని పాయిజాన్ సూత్రంలో పెడితే గోల్ కొట్టే అవకాశం 47 శాతం, న్యాయమైన ఆడ్స్ 2.13. మార్కెట్ 2.40 ఇస్తోంది కనుక వరుస ఆకుపచ్చగా మారుతుంది. అదే ఆటగాడిని కోచ్ సాధారణంగా 70వ నిమిషానికి బయటికి పిలుస్తాడనుకోండి. అప్పుడు మొత్తం 0.49కి, అవకాశం 39 శాతానికి దిగుతాయి, న్యాయమైన ఆడ్స్ 2.57 అవుతుంది. ఇప్పుడు ఆ 2.40లో వాల్యూ లేదు సరికదా, కాసిన ప్రతి వంద యూనిట్లకూ సుమారు ఏడు యూనిట్లు పోయే పందెం అది. ఆటగాడూ ప్రత్యర్థీ మారలేదు, ఇరవై నిమిషాలు తగ్గాయంతే.

ఇది ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే చిక్కు కాదు. 2020లో తాత్కాలికంగా వచ్చిన అయిదుగురు సబ్‌స్టిట్యూట్ల వెసులుబాటు 2022లో ఆట నియమాల్లో స్థిరపడింది. అప్పటి నుంచి, ముఖ్యంగా వారానికి రెండు మ్యాచ్‌లు ఆడే పెద్ద జట్లలో, స్ట్రైకర్లు చివరి విజిల్ దాకా ఉండటం మునుపటిలా ఖాయం కాదు. దీనికి తోడు, చాలా బుకీల దగ్గర ఎనీటైమ్ స్కోరర్ (మ్యాచ్‌లో ఎప్పుడైనా గోల్ కొడతాడన్న) పందెంలో ఆటగాడు అసలు దిగకపోతేనే డబ్బు వెనక్కి వస్తుంది, 80వ నిమిషంలో దిగినా పందెం చెల్లినట్టే. ముందు రోజే కాసి, తుది జట్టులో అతని పేరు లేక, చివరి పది నిమిషాలకు అతను దిగడం చూస్తూ కూర్చున్న సాయంత్రాలు నాకు ఆ సీజన్‌లో చాలానే ఉన్నాయి. నిమిషాల అంచనా ఎందుకు చేర్చరని సర్వీసు వారికి రాస్తే, అది వినియోగదారు విచక్షణకు వదిలామని జవాబిచ్చారు. డబ్బు తీసుకుని లెక్క కట్టి ఇచ్చేవాళ్లు లెక్కలో అతి ముఖ్యమైన భాగాన్ని మనకే వదిలేయడం నాకు ఏ మాత్రం సమంజసంగా అనిపించలేదు.

పెనాల్టీల విషయంలో మాత్రం వాళ్లను మెచ్చుకోవాలి. ఏ జట్టులో మొదట ఎవరు కొడతారు, అతను లేకపోతే ఎవరు అన్న వరుసను వారం వారం సరిచేస్తారు. పై ఉదాహరణలో 70 నిమిషాలు ఆడే స్ట్రైకర్‌కు పెనాల్టీలు లేకపోతే న్యాయమైన ఆడ్స్ 2.57 నుంచి 2.92కి పెరుగుతుంది. పెనాల్టీ కొట్టే బాధ్యత చేతులు మారిన వారంలో మార్కెట్ దాన్ని ఆలస్యంగా గుర్తించిన సందర్భాలు నేను చూశాను, నాకు నిజమైన వాల్యూ దొరికింది ఎక్కువగా అక్కడే.

వాళ్లు ప్రకటించే గత ఫలితాల పేజీ గురించి హెచ్చరించక తప్పదు. నాకౌట్ మ్యాచ్‌లలో అదనపు సమయంలో పడిన గోల్స్‌ను కూడా అందులో గెలుపుగా రాసుకున్నారు. సాధారణంగా స్కోరర్ పందేలు 90 నిమిషాలు, వాటికి చేర్చే ఇంజరీ టైమ్‌తోనే ముగుస్తాయి. 2022 ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ ఆటగాడు కిలియన్ ఎంబాపె హ్యాట్రిక్ చేశాడు, కానీ మూడో గోల్ 118వ నిమిషంలో వచ్చింది. ఈ నిబంధన కింద అతని హ్యాట్రిక్ మీద కాసినవారికి దక్కేదేమీ లేదు. పైగా ఆ పేజీలో చూపిన ఆడ్స్ పట్టిక వెలువడిన నిమిషంలో ఉన్నవి, నేను తెరిచేసరికి వాటిలో చాలావరకు తగ్గిపోయి ఉండేవి.

నిజాయితీగా రాసినా ఒక సీజన్ ఫలితాలు పెద్దగా ఏమీ రుజువు చేయవు. 35 శాతం అవకాశం ఉన్న ఆటగాళ్ల మీద 3.00 చొప్పున వంద పందేలు, ఒక్కో దానికి ఒక్కో యూనిట్ కాశారనుకుందాం. సగటున 35 గెలిచి అయిదు యూనిట్ల లాభం రావాలి. అదృష్టం అయిదు పందేలు అటూ ఇటూ కావడం మామూలే. 30 గెలిస్తే పది యూనిట్ల నష్టం, 40 గెలిస్తే ఇరవై యూనిట్ల లాభం వస్తుంది. అందుకే నేను లాభనష్టాల కంటే, నేను కాసిన ఆడ్స్‌ను ఆట మొదలయ్యే ముందు నిలిచిన ఆడ్స్‌తో పోల్చి రాసుకున్నాను; అప్పటికి మార్కెట్‌కు సమాచారమంతా అంది ఉంటుంది కనుక, వాటి కంటే నావి మెరుగ్గా ఉంటే నిజంగా వాల్యూ పట్టుకున్నట్టు. ఆకుపచ్చ వరుసలన్నీ కలిపి చూస్తే పెద్ద తేడా కనిపించలేదు. పెనాల్టీ వరుస మారిన ఆటగాళ్లను విడిగా చూస్తే, నేను పట్టుకున్న ఆడ్స్ ఎక్కువసార్లు మెరుగ్గా ఉన్నాయి.

ఫస్ట్ స్కోరర్ (మ్యాచ్‌లో మొదటి గోల్ ఎవరిదన్న) పందేలను పట్టికలో చేర్చకపోవడం మంచి నిర్ణయం. పేర్లన్నిటి శాతాలనూ, గోల్ పడకపోవడానికి ఇచ్చే శాతాన్నీ కూడితే వంద దాటి ఎంత పైకి వెళ్తుందో చూసినవారు అటు వెళ్లరు; ఆ అదనమంతా బుకీ వాటా.

ఏడాది చందా ఒకేసారి కట్టమని నేను ఎవరికీ చెప్పను. నెలవారీ చందా తీసుకుని, పెనాల్టీల వరుసనూ, 90 నిమిషాల ఎక్స్‌జీనీ మాత్రం తీసుకుని, తుది జట్టు ప్రకటించాక నిమిషాలు సొంతంగా వేసుకుని లెక్క తిరగరాసే ఓపిక ఉన్నవారికి ఇది పనికొస్తుంది. అలా తిరగరాసినప్పుడు నా పట్టికలో ఆకుపచ్చ వరుసల్లో సగానికి పైగా మాయమయ్యేవి, కొన్ని రోజులు ఒక్కటీ మిగిలేది కాదు, ఆ రోజు నేను కాసేవాణ్ణి కాదు. తుది జట్టు వచ్చిన తర్వాత పట్టికను వాళ్లే సరిచేసి పంపడం మొదలుపెడితే మళ్లీ చందా కడతాను. ప్రస్తుతానికి ఆపేశాను.