విజయవాడ నుంచి విశాఖకు: విమానమా, వందే భారతా?

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మా బంధువుల్లో ఎవరో ఒకరు ఫోను చేసి అడిగే మాట ఇది: "విమానంలో గంటే కదా, నాలుగున్నర గంటలు రైల్లో కూర్చోవడం దేనికి?"

గన్నవరం విమానాశ్రయం నుంచి విశాఖ విమానాశ్రయానికి సూటిగా కొలిస్తే సుమారు 290 కిలోమీటర్లు. ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట మీదుగా వెళ్లే రైలు మార్గం 350. గాలిలో వెళ్లినందుకు కలిసొచ్చే దూరం అరవై కిలోమీటర్లే.

ఇంత చిన్న దూరంలో విమానం తన వేగం చూపించే వీలే ఉండదు. గంటకు 800 కిలోమీటర్లు పోగల జెట్ విమానం లెక్క ప్రకారం 22 నిమిషాల్లో చేరాలి. కానీ పైకి వెళ్లడం పూర్తయిందో లేదో దిగడం మొదలుపెట్టాలి. రన్‌వేకు ఎదురుగా రావడానికి చుట్టు తిరగాలి. అందుకే గాలిలోనే అరగంట నుంచి ముప్పావు గంట పడుతుంది. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ విమానం ఇక్కడ జెట్ కంటే మరీ వెనకబడదు. టికెట్ మీద కనిపించే గంట, గంటా పది నిమిషాలు విమానం ఇక్కడ కదిలినప్పటి నుంచి అక్కడ ఆగేవరకు.

నా దృష్టిలో తేల్చేది టికెట్ మీద లేని సమయం. ఇల్లు బెంజ్ సర్కిల్ దగ్గర, వెళ్లాల్సింది ఎంవీపీ కాలనీకి అనుకోండి. గన్నవరం చేరడానికి ముప్పావు గంట. పెట్టెలు తీసుకునే కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు అక్కడుండాలి. ప్రయాణం గంట. దిగాక పెట్టె కోసం ఇరవై నిమిషాలు, ఎన్ఏడీ కూడలి దాటి ఇల్లు చేరడానికి మరో ముప్పావు గంట. మొత్తం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. వందే భారత్ అయితే స్టేషన్లకు రాకపోకలతో కలిపి ఆరు గంటల లోపు. మిగిలేది గంటన్నర. ఆ గంటన్నర కోసం బెల్టు తీయడం, వరసలో నిలబడటం, పెట్టె వెనక పరుగెత్తడం! రైల్లో నాలుగున్నర గంటలూ ఒకే సీటులో ఉంటాం. నిద్రపోవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు, అమ్మమ్మను పదిసార్లు లేపి నడిపించక్కర్లేదు. నేను రైలుకే ఓటేస్తాను.

అయితే వేళలు చూసుకోవాలి. 2024 మార్చిలో మొదలైన రెండో వందే భారత్ ఉదయం తొమ్మిది దాటాక విజయవాడ వస్తుంది. 2023 సంక్రాంతికి మొదలైన మొదటిది రాత్రి ఏడు ప్రాంతంలో వస్తుంది; విశాఖలో దిగేసరికి అర్ధరాత్రి కావస్తుంది. వారానికొక రోజు ఇవి నడవవు.

హనుమాన్ జంక్షన్, గుడివాడ వైపు వాళ్లు చేతిసంచితో గాజువాక వెళ్తుంటే మాత్రం విమానమే మేలు. రెండు చివరలా దారి తగ్గుతుంది. విశాఖ విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారితే ఈ లాభం గాజువాకకు పోయి విజయనగరం వాళ్లకు దక్కుతుంది.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ చవక, కానీ ఆరు గంటలు. రాత్రి బస్సు అయితే, రైలు దొరకనప్పుడే. కారులో నలుగురుంటే సరే.

విమానం ఎక్కాలనుకుంటే ముందు అది ఏ రోజుల్లో, ఏ వేళకు ఉందో చూడండి. ముహూర్తం దాటాక దిగే విమానం గంటలో వెళ్లినా ఒకటే, పది నిమిషాల్లో వెళ్లినా ఒకటే.