రొయ్యల చెరువులో డీవో మీటర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

మొగల్తూరు వైపు మాకు రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను (డీవో) కొలవడానికి నాలుగేళ్లుగా ఒకటే డీవో మీటర్ వాడుతున్నాను. ప్రోబ్ కొసకు పల్చటి పొర (మెంబ్రేన్) ఉన్న క్యాప్‌లో ఎలక్ట్రోలైట్ ద్రవం పోసి బిగించే పోలరోగ్రాఫిక్ రకం. మీటర్ గట్టిది, వానలో తడిసినా ఏమీ కాలేదు. కాలిబ్రేషన్ (అంకె సరిగ్గా చూపేలా సెట్ చేయడం) దగ్గర మాత్రం చాలా ఓపిక కావాలి.

రెండో ఏడు, ఒక తెల్లవారుజామున నాలుగింటికి మీటర్ లీటరుకు 4.3 మిల్లీగ్రాములు చూపించింది. ఫర్వాలేదులే అని నీళ్లలో గాలి కలిపే రెండు ఏరియేటర్లు ఆపాను. అరగంట తర్వాత టార్చ్ వేస్తే రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలి తిరుగుతున్నాయి. కాళ్లూ చేతులూ ఆడలేదు. పరుగెత్తి అన్నీ ఆన్ చేశాను. పెద్ద నష్టం లేకుండానే బయటపడ్డాం.

ముందు రోజే గాలిలో 100 శాతానికి కాలిబ్రేట్ చేశాను, మరి తప్పు ఎక్కడ? తెల్లారాక సోడియం సల్ఫైట్ కలిపిన నీళ్లలో ప్రోబ్ ముంచాను. అందులో ఆక్సిజన్ ఉండదు, అంకె సున్నాకి దిగాలి. ఎంతసేపు ఉంచినా 1.2 దగ్గరే ఆగిపోయింది. క్యాప్ విప్పి వెలుతురులో చూస్తే మెంబ్రేన్ వెనక ఆవగింజంత గాలి బుడగ! పై అంకె ఒక్కటే సరిచేస్తే కింది తప్పు బయటపడదని అప్పుడు అర్థమైంది. రొయ్యకు ప్రమాదమేమో ఆ కింది అంకెల దగ్గరే.

ఇంకో పొరపాటు, సాలినిటీ (ఉప్పదనం) సెట్టింగ్ సున్నాలోనే వదిలేశాను. మా నీళ్లు 15 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 15 పాళ్లు ఉప్పు. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు 7.56 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, ఈ ఉప్పునీళ్లు 7 కూడా పట్టుకోవు. సెట్టింగ్ మార్చకపోతే మీటర్ ఆ మేరకు ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు వారానికోసారి షెడ్డు నీడలోనే కాలిబ్రేట్ చేస్తున్నాను. గట్టు మీద ఎండలో చేస్తే ప్రోబ్ వేడెక్కి అంకె నిలబడదు. మీటర్ ఆన్ చేసి పావుగంట ఆగుతాను. సీసా అడుగున తడి స్పాంజి పెట్టి, ప్రోబ్ దానికి తగలకుండా వేలాడదీస్తాను. మెంబ్రేన్ మీద చుక్క నీరు ఉన్నా తప్పే, మెత్తటి టిష్యూతో అద్దాలి, రుద్దకూడదు. క్యాప్ మార్చిన ప్రతిసారీ సల్ఫైట్ పరీక్ష తప్పనిసరి. ఎలక్ట్రోలైట్ నింపేటప్పుడు క్యాప్‌ను గోటితో తట్టి బుడగలు పైకి రప్పించి, అప్పుడు నెమ్మదిగా బిగిస్తాను. చెరువులో కొలిచేటప్పుడు ప్రోబ్‌ను నెమ్మదిగా ఊపుతూనే ఉండాలి, లేకపోతే అంకె తగ్గిపోతుంది.

మా బావ దగ్గర కాంతితో కొలిచే ఆప్టికల్ రకం ఉంది. ఊపే పని లేదు, ఎలక్ట్రోలైట్ గొడవ లేదు. క్యాప్ ఖరీదే ఎక్కువ. అయినా తర్వాత కొనేది అదే, పొడవాటి కేబుల్‌తో. రొయ్య ఉండేది అడుగున, నా కేబుల్ అక్కడిదాకా అందడం లేదు.