పైథాన్ కోర్సుకి డబ్బు కట్టబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి: డెమో చెప్పేది ఒకరు, క్లాసు చెప్పేది ఇంకొకరు

పేరు రాయను. రాస్తే రేపు ఇంకో గొడవ. అమీర్‌పేటలో మైత్రీవనం వైపు ఒకసారి నడిచినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైథాన్ (కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష) అన్న మాట మన నోట్లోంచి పూర్తిగా రాకముందే పాంప్లెట్ చేతిలో పెట్టేస్తారు కదా, ఆ బాపతే. గోడ నిండా జాబ్ కొట్టిన పిల్లల ఫోటోలు. ఇప్పుడే అక్కడి నుంచి హాస్టల్‌కి వచ్చి కూర్చున్నాను. కోపం ఇంకా దిగలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

నాది బీకాం. అకౌంట్స్‌లో కొన్నాళ్ళు చేసి, డేటా వైపు మారదామని ఈ కోర్సు చూశాను. ఫీజు 15 వేలు, "ఈరోజే కడితే 12". ఈరోజే కట్టేవాళ్ళ కోసమే ఆ బోర్డు పెడతారని తెలియనంత అమాయకత్వం నాది, దానికి వేరే బిల్లు వేయలేదు, అంతవరకు సంతోషం.

డెమో మాత్రం అద్భుతంగా చెప్పారు. స్ట్రింగ్‌లో (అంటే అక్షరాల వరుసలో) లెక్క సున్నా నుంచి ఎందుకు మొదలవుతుంది, మైనస్ ఒకటి అంటే చివరి అక్షరం ఎలా వస్తుంది, స్లైసింగ్‌లో (అంటే అందులోంచి ముక్క కోసేటప్పుడు) రెండో నంబరు దగ్గరికి వచ్చి ఎందుకు ఆగిపోతుంది, అన్నీ అరగంటలో. అంతా నోరు తెరుచుకుని చూశాం. సోమవారం క్లాసుకి వెళ్తే ఆయన లేరు. "సార్ కార్పొరేట్ బ్యాచ్ చూసుకుంటున్నారు" అన్నారు. అంతే, ఆయన మళ్ళీ కనిపించలేదు.

కొత్త సార్ ఒక పీడీఎఫ్ ఇచ్చారు. అట్ట మీద ఈ ఏడాది నంబరు, కొత్త లోగో. లోపల చూస్తే ప్రింట్ కమాండ్ పక్కన బ్రాకెట్లు లేవు, డిక్షనరీలో (కీ అనే పేరు పక్కన దాని విలువ దాచుకునే పట్టీ) కీ ఉందో లేదో చూడటానికి హ్యాజ్ కీ అని రాసుంది. ఇవన్నీ పైథాన్ 2 సంగతులు. పైథాన్ 3 వచ్చింది 2008లో, పైథాన్ 2కి సపోర్ట్ పూర్తిగా ఆపేసింది 2020 జనవరి 1న. పాచిపోయిన పులిహోరకి కొత్త తాలింపు వేసి వడ్డించారన్నమాట. ల్యాబ్‌లో ఉన్నది మాత్రం పైథాన్ 3. పీడీఎఫ్‌లో ఉన్నది ఉన్నట్టు కొడితే మొదటి లైనుకే ఎర్రర్. "బ్రాకెట్ పెట్టుకోండమ్మా, ప్రింటింగ్ మిస్టేక్" అన్నారు సార్. పుస్తకమంతా ప్రింటింగ్ మిస్టేకే!

సరే, పుస్తకం పోతే పోయింది, మనిషికి తెలిస్తే చాలనుకున్నాను. ఒక స్ట్రింగ్‌లో పేరు పెట్టి, కింద లైనులో దానికి అప్పర్ (పెద్ద అక్షరాలుగా మార్చమని) అని కొట్టించి, ప్రింట్ చేయించారు. చిన్న అక్షరాలే వచ్చాయి. ల్యాబ్‌లో అందరికీ అంతే. "వర్షన్ ప్రాబ్లం, వదిలేయండి" అని తర్వాతి టాపిక్‌కి వెళ్ళిపోయారు. వర్షన్ కాదు, గాడిద గుడ్డూ కాదు. పైథాన్‌లో ఒకసారి తయారైన స్ట్రింగ్ మారదు. అప్పర్ అన్నా రిప్లేస్ అన్నా పాతదాన్ని ముట్టుకోదు, మార్చిన కొత్త స్ట్రింగ్‌ని చేతికి ఇస్తుంది. దాన్ని ఏదో ఒక పేరులోకి తీసుకోకపోతే గాలికి పోతుంది.

లిస్ట్ దీనికి రివర్సు, దాన్ని ఉన్నచోటే మార్చొచ్చు. అక్కడ ఇంకో కామెడీ. ఎ అనే లిస్ట్‌లో బ్యాచ్ పిల్లల పేర్లు. బి = ఎ అని రాసి, బిలోంచి ఒక పేరు తీసేశాం. ఎలోంచి కూడా పోయింది. ఎందుకు సార్ అంటే "సిస్టమ్ హ్యాంగ్ అయినట్టుంది, రీస్టార్ట్ చెయ్యి". చేశాను. ఆ డబ్బా లేవడానికి పట్టిన టైములో టీ తాగి రావచ్చు. మళ్ళీ అదే. హాస్టల్లో నా పక్క బెడ్ అక్క టెస్టింగ్‌లో పనిచేస్తుంది. దేని గుర్తింపు నంబరు ఏదో చెప్పే ఐడి అనే ఫంక్షన్‌తో రెండింటినీ ప్రింట్ చేయమంది. రెండింటికీ ఒకటే నంబరు. అంటే లిస్ట్ ఒక్కటే, పేర్లు రెండు. వేరే కాపీ కావాలంటే కాపీ అని అడగాలి, లేదా [:] పెట్టాలి. లిస్ట్‌లో మళ్ళీ లిస్టులుంటే అదీ చాలదు, డీప్ కాపీ కావాలి. అక్క చెప్పడానికి పట్టింది ఒక కప్పు టీ టైము, ఫీజు కూడా అడగలేదు.

ఎ = ఎ.సార్ట్() అని రాస్తే నన్ (None) అని వచ్చినప్పుడు సార్ ఏమన్నారో తెలుసా? "లిస్ట్ ఖాళీ అయిపోయింది, మళ్ళీ టైప్ చెయ్యండి" అట. సార్ట్ లిస్ట్‌ని అక్కడే సర్దేసి, తిరిగి ఏమీ ఇవ్వదు. ఆ 'ఏమీ లేదు'నే మనం ఎలోకి ఎక్కించుకున్నాం. సర్దిన కొత్త లిస్ట్ కావాలంటే సార్టెడ్ వాడాలి. ఇది కూడా తెలియని మనిషికి నేను సార్ అని లేచి నిలబడ్డాను.

ఇవన్నీ భరించాను. ఈరోజు జరిగింది వేరు.

పాలిండ్రోమ్ (ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాట) ప్రోగ్రాం ఇచ్చారు. స్ట్రింగ్‌ని [::-1]తో తిప్పి, అసలుదానితో సమానమో కాదో చూడాలి. ఇంగ్లీషు పదాలకి వచ్చింది. మన భాషలో చిన్నప్పటి నుంచి అందరికీ తెలిసిన మాట ఉంది కదా అని 'వికటకవి' కొట్టాను. ఎటు నుంచి చదివినా వికటకవే. ఫాల్స్ అని వచ్చింది. మళ్ళీ టైప్ చేశాను, ఫాల్స్. తిప్పిన స్ట్రింగ్ ప్రింట్ చేస్తే ముందు ఒక గుడి ఒంటరిగా వేలాడుతోంది, తర్వాత వ, క, ట, ఆ తర్వాత 'కి', చివర వట్టి వ. పొడవు ఎంతని అడిగితే 7 అంటోంది. నేను వేళ్ళ మీద లెక్కపెడితే వి-క-ట-క-వి, ఐదు.

చెయ్యెత్తి అడిగాను. సార్ వచ్చి, స్క్రీన్ చూసి, నన్ను చూసి, క్లాసంతా వినేలా అన్నారు: "తెలుగు మీడియమా అమ్మా?"

అందరూ నవ్వారు. వెనక బెంచీవాళ్ళయితే పడీ పడీ నవ్వారు. "పైథాన్ తెలుగు సపోర్ట్ చేయదమ్మా. ఇలాంటి సరదాలు ఇంట్లో పెట్టుకో, ఇక్కడ కోడింగ్ నేర్చుకో" అని కీబోర్డ్ నా వైపు నెట్టి వెళ్ళిపోయారు. అవును సార్, తెలుగు మీడియమే. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ స్కూల్లోనే చదివాను. అందుకే వికటకవిలో ఎన్ని అక్షరాలో నాకు తెలుసు. మీకు తెలియనిది కంప్యూటర్ ఎలా లెక్కపెడుతుందో అది. అది చెప్పడానికే కదా నా దగ్గర 12 వేలు తీసుకున్నారు?

పైథాన్ 3 తెలుగుని శుభ్రంగా సపోర్ట్ చేస్తుంది, దాని స్ట్రింగ్‌లే యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ తలా ఒక నంబరు ఇచ్చే పద్ధతి). విషయం ఏంటంటే యూనికోడ్‌లో వ ఒకటి, దాని మీది గుడి ఇంకొకటి. ఆ నంబరు చెప్పే ఆర్డ్ ఫంక్షన్‌తో చూడండి: వ 3125, గుడి 3135. కాబట్టి 'వి' అంటే రెండు. వ, గుడి, క, ట, క, వ, గుడి, మొత్తం ఏడు. తిప్పితే చివరి గుడి ముందుకొచ్చి వ కన్నా ముందు కూర్చుంటుంది, మొదటి గుడి వెళ్ళి క మీద ఎక్కుతుంది. మరి దారేంటి? అక్షరాలుగా విడగొట్టి లిస్ట్‌లో పెట్టడమే: వి, క, ట, క, వి. ఆ లిస్ట్‌ని తిప్పి పోల్చండి, ట్రూ వస్తుంది. నేను చేసి చూశాను, వచ్చింది. ఒత్తులున్న మాటలకి విడగొట్టే పని ఇంకాస్త ఎక్కువ, అది వేరే కథ. స్ట్రింగ్ అంటే ఏంటి, లిస్ట్ ఎందుకు, రెండూ ఒక్క ఉదాహరణలో చెప్పేయొచ్చు. బంగారం లాంటి డౌట్‌ని పట్టుకుని నవ్వులపాలు చేశారు.

కిందికి దిగి రిసెప్షన్‌లో డబ్బు వెనక్కి అడిగాను. ఆ అమ్మాయి చాలా మర్యాదగా రసీదు తిప్పి చూపించింది. వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో 'ఫీజు తిరిగి ఇవ్వబడదు'. "డెమో చూసుకునే కట్టారు కదా మేడం" అంది. ఆ డెమో సార్‌తో క్లాసు చెప్పించండి, ఇంకో మాట మాట్లాడను అన్నాను. "ఆయన బ్యాచ్ వేరే మేడం, ఫీజు 25". ఇక్కడ నిజంగానే నవ్వొచ్చింది నాకు.

కట్టబోయేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. క్లాసు ఎవరు చెప్తారో ఆ మనిషితోనే డెమో అడగండి, ఆ పేరు రసీదు మీద రాయించుకోండి. డెమోలో బి = ఎ ప్రశ్న ఒకటి వేయండి, {} అంటే ఖాళీ సెట్టా, డిక్షనరీయా అని కూడా అడగండి (డిక్షనరీ; ఖాళీ సెట్ కావాలంటే సెట్ అని రాసి ఖాళీ బ్రాకెట్లు పెట్టాలి). తడబడితే లేచి వచ్చేయండి. మెటీరియల్ ముందే చూపించమనండి, ప్రింట్ పక్కన బ్రాకెట్ ఉందో లేదో చూడండి చాలు. అసలు డబ్బే కట్టకుండా కూడా దారి ఉంది. పైథాన్ వాళ్ళ సొంత ట్యుటోరియల్ ఉచితం, అందులో మూడో చాప్టర్లో స్ట్రింగ్‌లు, అయిదోది మొత్తం డేటా స్ట్రక్చర్లే. ఎన్‌పీటెల్‌లో (ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల సైట్) చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారి పైథాన్ కోర్సు ఉంది, వీడియోలకి పైసా అక్కర్లేదు. ఇవన్నీ నాకు అక్క చెప్పింది, 12 వేలు కట్టాక.

1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించాను. అదే బ్యాచ్‌లో కట్టినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే రసీదు రెండు వైపులా, ఆ పీడీఎఫ్ మొదటి పేజీ ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి. మీరూ రాయించండి. నవ్విన వెనక బెంచీవాళ్ళు కూడా రావచ్చు, మీ 12 వేలూ పోయినట్టే కదా.