ఉద్యమ్ రిజిస్ట్రేషన్: ఐదేళ్లు వాడాక ఒక లేత్ షెడ్డు వాడి మాట

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న షెడ్డు. రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, ముగ్గురు పనివాళ్లు. లారీలకు షాకిల్ పిన్నులు, బుష్‌లు తీస్తాం. ఉద్యమ్ అంటే మాలాంటి చిన్న యూనిట్లు కేంద్ర ప్రభుత్వం దగ్గర ఆన్‌లైన్‌లో చేయించుకునే నమోదు. కొత్తగా షెడ్డు పెట్టిన కుర్రాళ్లు "బాబాయ్, ఉద్యమ్ తీసుకుంటే ఏమొస్తుంది?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నా.

2020 ఏప్రిల్-జూన్‌లో దేశం జీడీపీ అంతకు ముందేడుతో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయింది. మా వీధిలో అయితే లేత్ చప్పుడే లేదు. ఆ దెబ్బ నుంచి లేపడానికి తెచ్చిన మార్పుల్లో ఉద్యమ్ ఒకటి, ఆ ఏడాది జూలై 1న మొదలైంది. నేను సెప్టెంబరులో చేయించుకున్నా.

చేయించుకోవడం మాత్రం నిజంగా సులువు. ఆధార్ నంబరు, ఓటీపీ, పాన్. ఒక్క కాగితం అప్‌లోడ్ చేయక్కర్లేదు, రూపాయి ఫీజు లేదు. అయినా నేను రెండు వేలు పోగొట్టుకున్నా. అచ్చం సర్కారు సైటులా ఉన్న ఒక ప్రైవేటు సైటులో పడ్డాను మరి. ఫీజు అడిగితే అది సర్కారు సైటు కాదని గుర్తుపెట్టుకోండి. ఇంకో సంగతి: మీ పనికి ఐదంకెల కోడ్ ఎంచుకోమంటుంది. ఆ ఒక్కచోట తొందరపడకుండా, ఆడిటర్ గారిని పక్కన పెట్టుకుని చేయండి.

పాత రోజులు తెలిసినవాళ్లకే దీని విలువ తెలుస్తుంది. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టంలో తయారీ యూనిట్ మిషన్ల విలువ 25 లక్షలు దాటితే 'సూక్ష్మ' (అన్నిటికంటే చిన్న తరగతి) కింద వచ్చేది కాదు. అందుకని మూడో లేత్‌ని బామ్మర్ది పేరు మీద కొన్నవాళ్లు నాకు తెలుసు. మిషన్లేమో ఒకే షెడ్డులో, బోర్డులు మాత్రం రెండు! 2020లో ఆ హద్దు కోటి పెట్టుబడి, 5 కోట్ల టర్నోవర్‌కి వెళ్లింది. 2025 ఏప్రిల్ నుంచి రెండున్నర కోట్లు, 10 కోట్లు. ఎదగడానికి భయపడే పని తప్పింది, మంచిదే. కానీ 9 కోట్ల టర్నోవర్ ఆసామీ, నేనూ ఇప్పుడు ఒకే వరసలో నిలబడ్డాం. వరసలో ముందెవరుంటారో వేరే చెప్పాలా?

ఇక అసలు గొడవ, బాకీలు. మా సరుకు తీసుకున్న కంపెనీ, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇదంతా 2006 నుంచీ చట్టంలో ఉంది. సర్కారు పోర్టల్‌లో ఫిర్యాదు కూడా చేయొచ్చు. నేను మాత్రం ఒక్కసారీ చేయలేదు. నా పనిలో సగం ఒకే కంపెనీది, వాళ్లు నాలుగు నెలలకు గానీ ఇవ్వరు. ఫిర్యాదు పెడితే వడ్డీ వస్తుందేమో, ఆర్డర్ రాదు.

నా వరకు పనిచేసింది ఆదాయపు పన్నులో పెట్టిన మెలిక. 2023-24 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి వర్తించేలా 1961 ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్) సెక్షన్ ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లు గడువు దాటినా కట్టకపోతే ఆ ఏడాది దాన్ని ఖర్చు కింద చూపించుకోలేరు. ఎప్పుడు కడితే అప్పుడే ఖర్చు. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఇది వర్తించదు, మాలాంటి తయారీ, సర్వీసు వాళ్లకే. 2024 మార్చి ఆఖరి వారంలో ఆ కంపెనీ అకౌంట్స్ నుంచి ఫోన్. "గురువుగారూ, మీ పెండింగ్ ఎంత? ఉద్యమ్ కాపీ వాట్సాప్ చేయండి." ఇరవై ఏళ్లలో నా బాకీ గురించి వాళ్లంతట వాళ్లు అడగడం అదే మొదటిసారి. పాతవన్నీ మూడు రోజుల్లో పడ్డాయి.

కిటుకేమిటంటే, ఆలస్యంగా కట్టినా అది మార్చి 31 లోపైతే వాళ్లకు ఈ సెక్షన్ కింద నష్టమేమీ లేదు. కాబట్టి మే నెల బిల్లు ఫిబ్రవరిలో ఇచ్చినా చెల్లిపోతుంది. పైగా ఈ సెక్షన్ తప్పించుకోవడానికి ఇంకో కంపెనీ "మీరు ఉద్యమ్‌లో లేరని ఒక లెటర్ ఇవ్వండి, ఆర్డర్లు పెంచుతాం" అంది. పక్క షెడ్డు ఆయన రిజిస్ట్రేషనే రద్దు చేయించుకున్నాడు. నేను చేయించుకోలేదు. ఆ ఆర్డర్లు ఇప్పుడు ఆయనకే వెళ్తున్నాయి, అది కూడా చెప్పాలిగా.

రిజిస్ట్రేషన్‌కి ఐదుకి ఐదు మార్కులు. డబ్బు చేతికి తెచ్చిపెట్టడంలో రెండు. తీసుకోండి, తీసుకున్నాక నంబరు ప్రతి బిల్లు మీదా అచ్చు వేయించండి. నేను ఉద్యమ్ సర్టిఫికెట్ మీది క్యూఆర్ కోడ్ కూడా వేయిస్తున్నా.

జూలై బిల్లుకి ఇవాళ అరవై రెండో రోజు. పొద్దున ఫోన్ చేస్తే, ఎత్తారు లెండి, "చూస్తున్నాం గురువుగారూ" అన్నారు.