80, 100, 120: మైలేజీకి ఏ వేగం మేలు?

రోడ్డు ఖాళీగా ఉంది, టాప్ గేరులో ఉన్నారు, ఇక ఎంతలో వెళ్లాలి? నన్నడిగితే 80, మహా అయితే 90. తొందరుంటే 100కి కూడా ఒప్పుకుంటాను గానీ 120 మాత్రం వద్దనే అంటాను.

కారుకు అడ్డుపడేవి ముఖ్యంగా రెండు, టైర్ల ఒరిపిడి, గాలి. టైర్ల ఒరిపిడి వేగం పెరిగినా పెద్దగా మారదు. గాలి అలా కాదు, వేగం రెట్టింపైతే దాని నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన 80 నుంచి 100కి వెళ్తే గాలి నిరోధం 56 శాతం పెరుగుతుంది, 120కి వెళ్తే ఏకంగా రెండుంపావు రెట్లవుతుంది. పెట్రోలు ఖర్చు అంత పెరగదు లెండి, ఎందుకంటే టైర్ల వాటా దాదాపు అలాగే ఉంటుంది, పైగా ఇంజను కాస్త బరువు మీద పడినప్పుడే సమర్థంగా పనిచేస్తుంది. అయినా తేడా ట్యాంకు నింపేటప్పుడు బాగానే తెలుస్తుంది.

మరి దానికి బదులుగా దక్కే సమయం ఎంత? 100 కిలోమీటర్ల దూరానికి 80లో 75 నిమిషాలు పడుతుంది, 100లో 60, 120లో 50. అంటే మొదటి 20 పెంచితే పావుగంట కలిసొస్తుంది, తర్వాతి 20కి పది నిమిషాలే, అది కూడా రోడ్డు పొడవునా ఎక్కడా బ్రేకు వేయకపోతేనే! ఆ పది నిమిషాల కోసం అంత ఇంధనం తగలబెట్టడం నాకు అస్సలు నచ్చదు.

అలాగని 30లో పాకుతూ వెళ్తే మైలేజీ ఇంకా పెరుగుతుందనుకోకండి. కారు మెల్లగా కదిలినా ఇంజను తిరగడానికే కొంత పెట్రోలు కావాలి, కిందిగేర్లలో ఆ వాటా ఎక్కువ. చాలా పెట్రోలు, డీజిల్ కార్లకు టాప్ గేరులో స్థిరంగా 60 నుంచి 80 మధ్య వెళ్తేనే మంచి మైలేజీ వస్తుంది. ఎలక్ట్రిక్ కార్లది వేరే లెక్క, ఆగినప్పుడు మోటారుకు ఖర్చు లేదు, బ్రేకు వేస్తే కొంత కరెంటు బ్యాటరీకి తిరిగొస్తుంది, కాబట్టి వాటికి ఇంకా తక్కువ వేగమే కలిసొస్తుంది.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే, మీటరు మీద 80 కనిపిస్తున్నా గాలి నిరోధం 100లో వెళ్తున్నంత ఉంటుంది. పైన లగేజీ క్యారియర్ కూడా ఉంటే మరీ భారం. అలాంటి రోజు నేను 70కి దిగిపోతాను.